లోపలి పిడి

జూన్ 4

అక్కా,

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం ఏమిటని విసుక్కోకు. ఫోన్లో నేను ఒక ముక్క చెప్పేలోపు నువ్వు నాలుగు సలహాలు చెప్తావు. చివరికి ఇద్దరం గొంతు పెంచి పెట్టేస్తాం. కాగితమైతే మధ్యలో అడ్డుపడదు.

మా కోల్డ్ స్టోరేజిలో ప్రమాదం జరిగింది. నాకేం కాలేదు. నేను పెద్దగా ఉన్న, పెట్టెలు మోసే ముఠాలో బాబాయ్ అని ఒకాయన ఉన్నాడని చెప్తుంటాను కదా. ఆయన నాకు బాబాయ్ కాడు, నీకూ కాడు, పనిలో ఉన్న అందరికీ బాబాయే. కొత్తగా చేరినవాళ్ళకి చేతి తొడుగుల కింద ఇంకో జత ఎలా వేసుకోవాలో, ఊపిరి ఎలా పీల్చాలో నేర్పేది ఆయనే. పోయిన వారం భోజనాల వేళ ఆయన చేపల గదిలో ఇరుక్కుపోయాడు. తలుపు తనంతట తనే మూసుకుంది. లోపలివైపు పిడి తిరగలేదు. ఆయన మాతో రాకపోతే ఇంటికి వెళ్ళి తింటున్నాడనుకున్నాం, ఇల్లు దగ్గరే కదా అని. వచ్చి తలుపు తీసేసరికి పెట్టెల మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. ప్రాణం దక్కింది కానీ కుడిచేతి వేళ్ళు తీసేశారు, బొటనవేలు ఒక్కటే మిగిలింది.

అందరికీ అంతుపట్టనిది ఒకటే. ఆ సమయమంతా ఊడ్చే ఆవిడ ఆ తలుపు బయటే నేల కడుగుతోంది. లోపలి నుంచి ఒక్క చప్పుడు కూడా వినలేదంటోంది. మేనేజరు అందరినీ పోగేసి, "తలుపు మీద ఒక్కటి గట్టిగా కొడితే బతికి బయటపడేవాడు పూర్తి చేత్తో. మనిషి లోపలే ఓడిపోయాడు. పాడైంది పిడి కాదు, మనసు" అన్నాడు.

కాబట్టి మా మనసులు బాగుచేయించడానికి క్లాసులు పెట్టిస్తున్నారు. ఎవరి చేత అంటావు? మీ మనస్తత్వశాస్త్ర సంస్థ చేతనే. మా అక్క అక్కడే ఉంటుందని నోరు జారాను. మేనేజరు నాతో చేయి కలిపాడు. ఇన్నేళ్ళలో అదే మొదలు.

పిడి సంగతి మాత్రం ఇంకా ఎవరూ ఎత్తలేదు. నీ చెవిన వేస్తున్నాను.

నీ మరదలు నిన్ను అడిగినట్టు రాయమంది. ఆవిడ దగ్గు తగ్గింది.

నీ తమ్ముడు
మొండి


జూన్ 11

మొండీ,

నీ ఉత్తరం చదివి ఆ పూట ఏ పనీ చేయలేకపోయాను. ఆ పెద్దాయన ముఖం నేను చూడలేదు కానీ, పలకరిస్తే పలకని మనిషి ఎలా ఉంటాడో నాకు తెలుసు. మన ఇంట్లో చూశాను.

నేను ఈ చదువులోకి ఎందుకొచ్చానో నువ్వెప్పుడూ అడగలేదు. మిల్లు మూతపడ్డాక నాన్న గోడవైపు కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడే, అందుకు వచ్చాను. మొదట దిగులు గురించే చదివాను. మనసుకి వచ్చే రోగాలన్నింటికీ పుస్తకాలున్నాయి, పేర్లున్నాయి, మందులున్నాయి. మనిషి బాగుండటం అంటే ఏమిటో చెప్పే పుస్తకం అప్పట్లో మా అలమారాలో దాదాపు లేదు. ఏడవకపోతే సంతోషంగా ఉన్నట్టేనా? జ్వరం లేనంత మాత్రాన బలం ఉన్నట్టా? పూర్వం తత్వవేత్తలు ఈ ప్రశ్నతోనే తలలు బద్దలుకొట్టుకున్నారు. సుఖంగా బతకడం వేరు, బాగా బతకడం వేరు అన్నారు. మా శాస్త్రం ఆ పాత ప్రశ్నని మళ్ళీ తీసి, లెక్కకీ పరీక్షకీ నిలబెట్టి చూద్దామని పుట్టింది.

ఎలా పుట్టిందో వింటే నీకు వింతగా ఉంటుంది. కుక్కలతో మొదలైంది. కొన్ని కుక్కలకి చిన్న చిన్న కరెంటు షాకులిచ్చారు. కొన్నింటికి ముక్కుతో ఒక పలక నొక్కితే ఆగేది. కొన్నింటికి ఏం చేసినా ఆగేది కాదు. తర్వాత అన్నింటినీ ఒక పెట్టెలో పెట్టారు. మధ్యలో చిన్న అడ్డు, దూకితే చాలు, అవతల షాకు లేదు. మొదటి రకం దూకేశాయి. రెండో రకంలో చాలా వరకు మూలుగుతూ అక్కడే పడుకున్నాయి. దూకి చూద్దామని కూడా అనుకోలేదు. ఏం చేసినా ఇంతే అని అంతకుముందే తేల్చుకున్నాయి.

కానీ రెండో రకంలో మూడోవంతు కుక్కలు పడుకోలేదు, తమ్ముడూ. అవీ అన్ని దెబ్బలూ తిన్నవే. అయినా దూకాయి. వాటిలో ఏముంది? ఆ ప్రశ్న పట్టుకుని వెళ్ళినవాళ్ళే తర్వాత ఆశ గురించీ, మనిషిలోని బలాల గురించీ వెదకడం మొదలుపెట్టారు. మీ బాబాయ్‌కి జరిగింది అచ్చం ఇదే. మీ మేనేజరు మొరటుగా అన్నా, మాట తప్పు కాదు.

మీ క్లాసులకి పాఠాలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. నన్ను చూసైనా శ్రద్ధగా విను. పొద్దున్నే గొణుక్కుంటూ వెళ్ళకు.

పిడి సంగతి వాళ్ళ ఇంజినీరు చూసుకుంటాడు లే. మరదలికి పొగ దగ్గర నిలబడొద్దని చెప్పు.

అక్క


జూన్ 27

అక్కా,

రెండు క్లాసులయ్యాయి. మీరు పంపిన మాస్టారు మంచివాడే. మీసాలు బాగా దువ్వుకుంటాడు. సరుకు దించే చోట కుర్చీలు వేయించి మా అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాడు. మేం ఎప్పుడూ కుర్చీల్లో కూర్చుని ఎరగం అక్కడ, ఎవరి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుని బడిపిల్లల్లా ఉన్నాం.

నిన్న మీకు జరిగిన మంచి విషయం ఒకటి చెప్పండి అన్నాడు. ఒకడు కూతురు నవ్విందన్నాడు. ఒకడు చారు బాగా కుదిరిందన్నాడు. పెట్టెలకి స్టిక్కర్లు అంటించే అమ్మాయి ఉంది, ఈ మధ్యే చేరింది, ఎప్పుడూ నోరు విప్పదు. ఆ పిల్ల లేచి, "తలుపు తెరుచుకుంది సార్" అంది. అందరూ నవ్వారు. మాస్టారు, "చూశారా, ఎంత చిన్న విషయంలో ఎంత కృతజ్ఞతో" అని చప్పట్లు కొట్టించాడు. ఆ పిల్ల నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

నీ కుక్కల కథ చెప్పి, మీరు దూకే కుక్కలు కావాలి అన్నాడు. నేను చేయెత్తాను. "అడ్డు ఎత్తు ఎంతుండొచ్చు సార్?" అన్నాను. "అది మన మనసులోనే ఉంటుంది" అన్నాడు. "మాకు తలుపు ఉంది సార్, లోపలి నుంచి రాదు" అన్నాను. "సమస్య గురించి కాదు, బలం గురించి మాట్లాడుకుందాం" అన్నాడు.

మీ పుస్తకాల్లో ఉండదు కాబట్టి ఆ తలుపు గురించి చెప్తాను. లోపల పిడి ఉంది. తేమ పట్టి గడ్డకడుతుంది, రెండు చేతులా వేలాడినా రాదు. పక్కన ఎర్ర బొత్తాం ఉంది. నొక్కితే ఆఫీసులో గంట మోగాలి. పెట్టెలు తగిలి ఊరికే మోగుతోందని ఎవరో ఎప్పుడో తీగ పీకేశారు. బొత్తాం మాత్రం అలాగే ఉంది, ఎర్రగా, బాగా కనిపించేలా. ఇదంతా ఈ నెలలో నేను మేనేజరుకి మూడుసార్లు చెప్పాను. ఇంజినీరు వచ్చి చూసి నూనె పోసి వెళ్ళాడు. ఆ చలికి నూనె కూడా మైనంలా బిగుసుకుపోయింది.

నీ దగ్గర దాచేదేముంది. ఈ మధ్య ఆ గదిలోకి అడుగు పెట్టేటప్పుడు, ఈపాటికి చచ్చిపోయాను అనుకుని వెళ్తున్నాను. అలా అనుకుంటే భయం ఉండదు. పని కూడా గబగబా అవుతుంది.

ఇక్కడ ఎండలు. బయట చెమట, లోపల మంచు. ఒళ్ళు ఏది నమ్మాలో తెలియక తికమకపడుతోంది.

మొండి


జూలై 5

మొండీ,

నీ ఉత్తరంలో ఆ మాట రెండుసార్లు చదివాను. చచ్చిపోయాను అనుకుని పనికి వెళ్ళడం ధైర్యం కాదురా. అది నాన్న కుర్చీ. నాన్న కూడా ఇలాగే మొదలుపెట్టాడు. ఎవరేం చెప్పినా ఒక వంక. అందులో లోపం వెతకడం, ఇందులో లోపం వెతకడం, చివరికి మాట్లాడటమే మానేయడం. తలుపు బాగాలేదన్నది నిజమే కావచ్చు. కానీ నీకు తలుపు తప్ప ఇంకేమీ కనబడకపోవడం నన్ను భయపెడుతోంది.

మా సమావేశంలో నీ మాట చదివి వినిపించాను. పేరు చెప్పలేదు, ఒక కార్మికుడు అన్నాను. అందరూ కదిలిపోయారు. మా సంస్థ నడిపే ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇలాంటివాళ్ళ కోసమే మన పని అన్నారు. అంటే నీ బాధ ఊరికే పోలేదు, ఎవరికో ఉపయోగపడుతుంది.

మాస్టారు చెప్పినట్టు రోజూ పడుకోబోయే ముందు మంచి జరిగినవి రాసుకో. నా కోసం ఒక నెల చెయ్యి. నవ్వులాట కాదు, పరీక్షించి చూసిన పద్ధతి, నేనూ చేస్తాను. నిన్న నేను రాసుకున్నది, తమ్ముడు నాతో మనసు విప్పాడు అని.

అక్క


జూలై 19

అక్కా,

నీ బలం గురించిన పాఠం నాకు బాగా అందింది.

సోమవారం మేనేజరు పిలిచాడు. బల్లమీద మీ సంస్థ పంపిన కాగితాలున్నాయి. అందులో నా మాట ఉంది. ఒక కార్మికుడు అని రాశారు, నిజమే. కానీ ఈపాటికి చచ్చిపోయాను అని ఇక్కడ ఎవరంటారో కనుక్కోవడానికి మేనేజరుకి పెద్ద చదువు అక్కర్లేదు. అక్క మీ సంస్థలో ఉన్నవాణ్ణి ఇక్కడ నేనొక్కణ్ణే. "నీకిలాంటి ఆలోచనలుంటే ముఠాకి పెద్దగా ఎలా ఉంటావు? మిగతావాళ్ళకి అంటిస్తావు" అన్నాడు. ముఠా నా చేతిలోంచి తీసేశాడు. వారానికోసారి మీ మాస్టారుతో విడిగా కూర్చోవాలట. తలుపు గురించి మళ్ళీ ఎత్తితే అది రోగలక్షణమట. ఆ మాట వాడింది మేనేజరే, మరి ఎవరి దగ్గర నేర్చుకున్నాడో.

ఆ రోజు నుంచి ఎవరూ పిడి ఊసెత్తడం లేదు. నాకు జరిగింది చూశారు కదా. నవ్వమంటే నవ్వుతున్నారు, మంచి విషయాలు చెప్పమంటే చెప్తున్నారు. క్లాసు చాలా బాగా సాగుతోంది.

ఇక నాన్న సంగతి. నువ్వు హాస్టల్లో ఉన్నావు, సెలవులకి వచ్చి కుర్చీ చూశావు. నేను ఇంట్లో ఉన్నాను. మిల్లు మూసిన ఏడాదంతా ఆయన పొద్దున్నే తల దువ్వుకుని బయల్దేరేవాడు. ఉతికిన చొక్కా. ఊళ్ళో ఉన్న ప్రతి గేటు దగ్గరా నిలబడ్డాడు. కొన్నిచోట్ల కాపలావాడితోనే మాట్లాడి వచ్చేవాడు, లోపలికి పోనిచ్చేవాళ్ళు కాదు. నన్ను ఒకసారి తీసుకెళ్ళాడు. వచ్చేటప్పుడు, "అమ్మతో లోపల కూర్చోబెట్టి మాట్లాడారని చెప్పు" అన్నాడు. కుర్చీ ఆ తర్వాత వచ్చింది. ఆయన పడుకున్న కుక్క అనుకుని నువ్వు ఇంత చదువు చదివావు. అన్నిసార్లు పలక నొక్కిన సంగతి నీకు తెలియదు.

ఇక రాయను. నాకు చెప్పుకోవాలనిపించింది నీ దగ్గర. చెప్పుకున్నది నీకు పాఠమైంది.

తమ్ముడు


జూలై 24

తమ్ముడూ,

ఫోన్ ఎత్తడం లేదు. మరదలు ఎత్తి, "ఆయన బయటికెళ్ళారు వదినా" అంటోంది. వెనక నీ దగ్గు వినిపిస్తోంది.

నేను చేసింది తప్పు. మంచి కోసం చేశానని రాసి, ఆ మాట కొట్టేశాను. నిన్ను అడగకుండా చదివాను, అంతే. నాన్న సంగతి నాకు తెలియదు. నాకు ఎవరూ చెప్పలేదు అని రాయబోయి అదీ కొట్టేశాను. నేను అడగలేదు.

సరిదిద్దడానికి చేయగలిగింది చేశాను. మీ మేనేజరుతో మాట్లాడాను. నా తమ్ముడు అలసిపోయి ఉన్నాడు, శిక్షలా కాకుండా కొన్నాళ్ళు తేలికైన పని ఇవ్వండి అన్నాను. మర్యాదగానే విన్నాడు. "మీరు చెప్పాక కాదంటామా మేడమ్, బరువులెత్తని చోట వేస్తాం" అన్నాడు. కాస్త ఊపిరి పీల్చుకో. కోపం తగ్గాక రెండు ముక్కలు రాయి.

అక్క


ఆగస్టు 8

తమ్ముడూ,

ఇంకా ఏమీ రాయలేదు నువ్వు. ఈసారి సలహాలు లేవు, ఒక సంగతి చెప్పాలని రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చాక ఆ కుక్కల పరీక్షలు మళ్ళీ మొదటి నుంచీ చదివాను. పాఠంలో మేము సగమే చెప్తున్నాం. పడుకుండిపోయిన కుక్కల్ని ఆ తర్వాత ఎలా లేపారో ఉంది అందులో. అడ్డు అవతల తిండి పెట్టి ఆశ చూపించారు, లేవలేదు. పేరుపెట్టి పిలిచారు, లేవలేదు. చివరికి మెడకి తాడు కట్టి తామే అటూ ఇటూ లాగారు. మళ్ళీ మళ్ళీ లాగారు. తన కాళ్ళు కదిలితే నొప్పి ఆగుతుందని ఒంటికి తెలిసేదాకా లాగారు. అప్పుడు వాటంతట అవే దూకడం మొదలుపెట్టాయి. ఆ పరీక్షలు చేసినవాళ్ళే ఎన్నో ఏళ్ళ తర్వాత ఇంకో మాట అన్నారు. చతికిలబడటం ఎవరూ నేర్చుకునేది కాదట. దెబ్బ మీద దెబ్బ పడితే ఏ ప్రాణి అయినా చేసేది అదే. మన చేతిలో ఏదో ఉంది అన్నదే నేర్చుకోవాల్సిందట.

ఆశ అనేది పాఠం చెప్తే వచ్చేది కాదు. నొక్కిన బొత్తాం మోగితే వచ్చేది. మోగని బొత్తాం ముందు కూర్చోబెట్టి ఆశపడమని చెప్పడానికి మాస్టారుని పంపింది మేము.

ప్రొఫెసర్ గారికి ఇది చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. "నువ్వన్నది నిజమే. కానీ తలుపులు మన పని కాదమ్మా" అన్నారు. నేను, "అయితే మనసులు కూడా మన పని కాదు" అన్నాను. ఆయన ముందు అలా ఎప్పుడూ మాట్లాడలేదు.

నిన్ను ఎక్కడ వేశారు? అదొక్కటి రాయి.

అక్క


ఆగస్టు 17

అక్కా,

నన్ను ఎక్కడ వేశారో అడిగావు. తేలికపని ఇచ్చారు. అన్నిటికంటే లోపలి గది. అందులో బరువులెత్తేది లేదు, పెట్టెల మీద తేదీలు చూసి స్టిక్కర్లు మార్చడమే. అందుకని అక్కడికి ముఠా రాదు. నేనూ, ఆ స్టిక్కర్ల అమ్మాయీ, ఇద్దరమే. నువ్వు నా మంచికే అడిగావని తెలుసు. జరిగింది చెప్తాను, కోపంతో కాదు.

బుధవారం తలుపుకి అడ్డం పెట్టిన చెక్క జారింది. తలుపు మూసుకున్న చప్పుడు ఎలా ఉంటుందంటే, అసలు చప్పుడే ఉండదు. చెవులు మూసుకున్నట్టు ఉంటుంది. ఫోన్లు బయట పెట్టెలో పెట్టి రావాలి, నియమం. పిడి పట్టుకుని ఇద్దరం వేలాడాం. రాలేదు. బొత్తాం నొక్కాను. మోగదని తెలిసీ నొక్కాను. తలుపు కొట్టాం. తోపుడుబండితో గుద్దాం. ఆ తలుపు నీ చేతి జానెడు మందం, అవతల నడవా, దాని అవతల ఇంకో తలుపు. ఎవరు వింటారు?

ఆ పిల్ల కొట్టీ కొట్టీ ఆగిపోయింది. వెళ్ళి పెట్టెల మీద కూర్చుంది, చేతులు చంకల్లో పెట్టుకుని. "కూర్చోకు, లే" అన్నాను. "ఎందుకన్నా, ఎవరూ రారుగా" అంది. ఏడుస్తూ అంటే బాగుండేది. మామూలుగా అంది, బస్సు వెళ్ళిపోయిందన్నట్టు. బాబాయ్ కూర్చున్న తీరే. ఆ క్షణం నాకు నిజంగా భయమేసింది, చలికి కాదు. నాకూ ఆ పక్కన కూర్చోవాలనిపించింది, అక్కా. ఎంత హాయిగా ఉంటుందో అనిపించింది.

ఎవరూ రారు అన్న ఆ మాటే పట్టుకున్నాను. మా కోసం రారు. మరి దేనికోసం వస్తారు? సరుకు కోసం. పోయిన ఏడాది ఒక గది కొంచెం వేడెక్కితే మేనేజరు కంచంలో చెయ్యి కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాడు. ప్రతి గదిలో పైన గోడకి చిన్న బుడిపె ఉంటుంది. గది ఎంత చల్లగా ఉందో చూసి ఆఫీసులో తెరమీద చూపిస్తుంది. వేడి పెరిగితే అక్కడ సైరన్ కూస్తుంది. ఆ తీగ ఎవరూ పీకలేదు.

పెట్టెల మీద పెట్టెలు పేర్చాను. "నన్ను పట్టుకో, పడిపోతాను" అని అరిచి ఆ పిల్లని లేపాను. నిజానికి ఆ పిల్ల పట్టుకోకపోతే పడేవాణ్ణే, కాళ్ళు తెలియడం లేదు. పైకెక్కి తొడుగులు తీసేసి ఆ బుడిపెని రెండు అరచేతుల్లో మూశాను. ఇనుము అరచేతికి అతుక్కుపోయింది. నోరు దగ్గర పెట్టి ఊదాను. నేను వణికి దిగిపోతే ఆ పిల్ల ఎక్కింది. తన శాలువా చుట్టి, దానిలోకి ఊపిరి వదిలింది. మార్చి మార్చి ఎక్కాం. ఎంతసేపో చెప్పలేను. ఒకసారి దిగుతూ, "అన్నా, నాకు చేతులు మండుతున్నాయి" అంది. "మంచిదే, మండనీ" అన్నాను.

తలుపు తెరుచుకుంది. ముందు ఇంజినీరు, వెనక మేనేజరు. మేనేజరు మమ్మల్ని చూడకుండానే బుడిపె వైపు చూసి, "ఏమైంది, సరుకు ఎంత పోయింది?" అన్నాడు. ఆ తర్వాత మా చేతులు చూశాడు.

ఆ పిల్లకి ఏం కాలేదు. నాకు అరచేతుల తోలు ఊడింది. ఈ ఉత్తరం నీ మరదలు రాస్తోంది, నేను చెప్తుంటే. మధ్యలో ఆపి ఏడ్చింది, ఆ మరకలు ఆవిడవే.

మొండి


ఆగస్టు 26

మొండీ,

నీకు చెప్పకుండా మీ ఊరు వచ్చి వెళ్ళాను. మీ వీధి చివరిదాకా వచ్చాను. తేలికపని అడిగింది నేనే అన్నది కాళ్ళకి అడ్డం పడింది. మీ ఇంటికి రాలేక బాబాయ్ ఇంటికి వెళ్ళాను.

ఆయన భార్య కాఫీ ఇచ్చింది. ఆయన ఎడమచేత్తో గ్లాసు పట్టుకోవడం ఇంకా అలవాటు చేసుకుంటున్నాడు. మొండిగాడి అక్కనని చెప్తే దగ్గర కూర్చోమన్నాడు. అందరూ ఊహించిందే గానీ ఎవరూ ఆయన్ని అడగనిది అడిగాను. తలుపు ఎందుకు కొట్టలేదు బాబాయ్ అని.

"కొట్టాను తల్లీ" అన్నాడు. "ఈసారి కాదు. నిరుడు ఒకసారి ఇలాగే పడిపోయింది తలుపు. అప్పుడు చేతులు వాచేదాకా కొట్టాను. అరిచాను. భోజనాలయ్యాక వచ్చి తీశారు. ఏం బాబాయ్, లోపల కునుకు తీశావా అని నవ్వారు. నేనూ నవ్వేశాను. ఏం చేయను? ఈసారి తలుపు పడితే భోజనాలయ్యాక వస్తారులే అనుకుని కూర్చున్నా. ఆ రోజు భోజనాలు కాస్త ఆలస్యమయ్యాయి, అంతే."

ఎవరెవరు నవ్వారో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

తిరిగొచ్చి ప్రొఫెసర్ గారి ముందు ఈ మాటలు బాబాయ్ అన్నట్టే చెప్పాను. ఈసారి బాబాయ్‌ని అడిగి, ఆయన ఒప్పుకున్నాకే. తలుపులు బాగుచేసేదాకా క్లాసులు ఆపమన్నాను. సంస్థ మధ్యలో ఆపదు అన్నారు. అయితే పాఠాల మీద నా పేరు తీసేయండి అన్నాను. పేరుతో పాటు నన్నూ తీసేశారు. కార్మికశాఖ అధికారి దగ్గరికి వెళ్ళి, మనసులో లోపం ఉందని చెప్పిన పాఠాలు రాసింది నేనే, లోపం తలుపులో ఉంది అని వాంగ్మూలం ఇచ్చాను. ఆయన రెండుసార్లు అడిగాడు, "మీరు మీ పనికి వ్యతిరేకంగా చెప్తున్నారా?" అని. నా పని ఇదే అన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆయన గదులు చూడటానికి వస్తాడు, కానీ నువ్వూ ఆ పిల్లా నోరు విప్పితేనే ఏదైనా జరుగుతుంది. విప్పమని చెప్పను. నీ ఉద్యోగం, నీ ఇల్లు. నువ్వే తేల్చుకో.

అరచేతులు తడపకు. ఇది ఒక్క సలహా, క్షమించు.

అక్క


సెప్టెంబరు 20

అక్కా,

చేతులు మానాయి. ఈ అక్షరాలు నావే, వంకరగా ఉంటే సర్దుకో.

నోరు విప్పింది ముందు నేను కాదు. స్టిక్కర్ల అమ్మాయి. అధికారి వచ్చి, మేనేజరు పక్కనుండగా, ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగితే అందరం నేల చూశాం. నేనూ చూశాను, ఒప్పుకుంటాను. ఆ పిల్ల ముందుకొచ్చి, "లోపలికి రండి సార్" అంది. ఆయన్ని లోపలి గదికి తీసుకెళ్ళి, ఇద్దరూ లోపలుండగానే తలుపు వేసేసింది. మేనేజరు తెరవబోతే ఇంజినీరే చేయి పట్టుకుని ఆపాడు. కాసేపటికి తీశారు. అధికారి బయటికొచ్చి కళ్ళజోడు మీద మంచు తుడుచుకుంటూ, ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ రోజే గదులకి సీలు వేశాడు. ఆ తర్వాత అందరం మాట్లాడాం. మాట్లాడటం ఇంత తేలికా అనిపించింది, అప్పటిదాకా అంత కష్టంగా ఉన్నది.

కొత్త పిడులు వచ్చాయి. పిడి కూడా కాదు, అడ్డంగా పెద్ద కడ్డీ, ఒంటితో ఆనుకుంటే చాలు తెరుచుకుంటుంది. బొత్తాలకి తీగలు వేశారు. మేనేజరు వేరే చోటికి వెళ్ళాడు, పై ఉద్యోగానికే అంటున్నారు. ముఠా మళ్ళీ నాకిచ్చారు. నీకే ఏమీ మిగల్లేదు. అది తలుచుకుంటే నాకు ఇంకా నీ మీద కోపం ఉందో లేదో తెలియడం లేదు. కొంచెం ఉంది. వచ్చి పోట్లాడు. ఈసారి వీధి చివరి నుంచి తిరిగి వెళ్ళకు, నీ మరదలికి ఎవరో చెప్పేశారు, అలిగి ఉంది.

కడ్డీలు బిగించిన రోజు అందరం వంతులవారీగా లోపలికి వెళ్ళి, తలుపు వేయించుకుని బయటికి వచ్చాం. ఎవరూ చెప్పలేదు, అలా చేయాలనిపించింది. స్టిక్కర్ల అమ్మాయి బయటికొచ్చి తలుపుని ఒక దెబ్బ కొట్టింది.

బాబాయ్ వచ్చాడు. పని చేయడానికి కాదు, చూద్దామని. కట్టు విప్పిన చేతిని జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి, "నేనూ వెళ్తా" అన్నాడు. వద్దన్నాను. "నిన్ను రమ్మనలేదే" అన్నాడు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఏ చప్పుడూ లేదు. నేను బయటి పిడి మీద చేయి వేశాను. ఇంజినీరు నా ముఖం చూశాడు. తీయబోతుండగా తలుపు దానంతట అదే నా మీదికి వచ్చింది. మోచేత్తో తోసుకుని బాబాయ్ బయటికి వచ్చాడు. గడ్డం మీద మంచు. వెనక్కి తిరిగి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది, తెరుచుకుంది. మళ్ళీ వెళ్ళాడు.

భోజనాల గంట కొట్టారు. ఎవరం కదల్లేదు. ఆయన వెళ్తూ, వస్తూ ఉన్నాడు.

తమ్ముడు